కొత్త హౌస్ సర్జన్లకి, సిస్టర్లకి రోగి భాష, ఇంటి పద్ధతి ఎలా నేర్పాలి? (విశాఖ ఆసుపత్రుల కోసం)

వార్డు_పాఠం | సోమవారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. కొత్తగా చేరే హౌస్ సర్జన్లకి, స్టాఫ్ నర్సులకి రెండు గంటల తరగతి తయారు చేస్తున్నాను. భాష, తిండి, ఆచారం, కుటుంబ పద్ధతి వేరుగా ఉన్న రోగులతో ఎలా మెలగాలన్నది అంశం. పుస్తకాలు తీస్తే అన్నీ అమెరికా ఉదాహరణలే. మన ఓపీ వరసలో నిలబడేవాళ్ళు వేరు. పాడేరు, చింతపల్లి కొండల నుంచి కోదులు, పోర్జాలు, బగతలు అనే గిరిజనులు వస్తారు. కోరాపుట్, మల్కనగిరి నుంచి ఒడియా వాళ్ళొస్తారు. జాలరిపేట మత్స్యకారులు, పాతనగరం ముస్లింలు, మార్వాడీ జైనులు, నేవీ క్వార్టర్ల హిందీ కుటుంబాలు సరే సరి.

"అందరినీ గౌరవించండి" అని చెప్పి పంపేస్తే ఎవరికీ ఏమీ ఒంటబట్టదు. ఏ మాటతో అడగాలి, ఎక్కడ బెడిసికొడుతుంది, ఎందుకు, అన్నది కావాలి. అనుభవ కథలు వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం. ఇక్కడ పనికొచ్చేవి మాత్రం రాయండి.

మాట_వారధి | సోమవారం, ఉదయం 8:02

ఒడియాతో మొదలుపెట్టండి. ఆ భాషలో ముండొ అంటే తల. "ముండొ బింధుఛి" అంటే తలనొప్పిగా ఉందని. తెలుగు చెవికి ఆ మొదటి మాట తిట్టులా తగులుతుంది. సిస్టరు మొహం మారిపోతుంది, ఎదుటి మనిషికి తను చేసిన తప్పేమిటో అర్థం కాదు. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచితే సగం గొడవలు పుట్టవు. "పేటొ కాటుఛి" అంటే కడుపులో మెలిపెట్టే నొప్పి, ఏదో కోసుకుందని కాదు. ఝాడా అంటే విరేచనాలు. పాణి అంటే నీళ్ళు. బాంతి మన వాంతే, ఛాతి మన ఛాతీయే, జర మన జరమే. మందు చీటీ దగ్గర "దినకు దుయి థర" అంటే రోజుకి రెండుసార్లు, "ఖాయిబా పరే" అంటే తిన్నాక.

ఇక దుబాసీని పెట్టుకునే పద్ధతి. పక్క మంచం వాళ్ళ అబ్బాయిని, రోగి వెంట వచ్చిన పదేళ్ళ పిల్లని నిలబెట్టి అడగడం మానాలి. తల్లి తెల్లబట్ట సంగతి కొడుకు నోటితో చెప్పించలేం. చెప్పినా సగం మింగేస్తాడు. భర్త చెబితే "ఆమెకేం లేదు, నీరసం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ముందుగా దుబాసీతో పక్కన రెండు నిమిషాలు మాట్లాడండి. ఏం అడగబోతున్నారో, ఏది కలపకూడదో, ఏది వదలకూడదో చెప్పండి. అతన్ని రోగికి పక్కగా, కాస్త వెనగ్గా కూర్చోబెట్టండి. మీ చూపు రోగి మీదే ఉండాలి. "ఆమెని అడుగు, నొప్పి ఎప్పుడు మొదలైందో" అనకండి, ఆమెనే చూస్తూ "నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" అనండి. ఒక్కసారికి ఒక్కటే వాక్యం. రోగి అర నిమిషం మాట్లాడితే దుబాసీ "లేదంట" అని ఊరుకుంటే అక్కడే ఆపి, మొత్తం చెప్పమనండి. చివర్లో కేస్ షీట్లో ఏ భాషలో మాట్లాడారో, ఎవరు దుబాసీగా ఉన్నారో రాయాలి.

మనిషి దొరక్కపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. కువి (కోదుల భాష), ఆదివాసీ ఒడియా, పోర్జా మాట్లాడేవాళ్ళు నగరంలో తేలిగ్గా దొరకరు, ఊళ్ళో మాత్రం ఉంటారు. అయితే రోగి సరేనన్నాకే చెయ్యాలి. ఊరి ఆశా అంటే ఊరికంతా తెలిసిన మనిషి. హెచ్ఐవీ, గర్భస్రావం, మానసిక సమస్య లాంటివి ఆమె ద్వారా అడగొద్దు.

గడప_దగ్గర | సోమవారం, ఉదయం 9:35

తెలుగు తెలిస్తే చాలనుకోకండి. వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చే పీజీలకి మన ఉత్తరాంధ్ర మాటల చిన్న జాబితా ఇవ్వాలి. "నీళ్ళోసుకుంది" అంటే గర్భం నిలిచింది. అది తెలియక స్నానం అనుకుని ఎక్స్‌రేకి పంపేవాళ్ళుంటారు. "అమ్మవారు పోసింది" అంటే ఆటలమ్మ గానీ తట్టు గానీ, చర్మం చూసి తేల్చుకోవాలి. "నిమ్ము చేసింది" అంటే ఊపిరితిత్తుల జబ్బు అనే భావం. "ఆయాసం" దగ్గర జాగ్రత్త. ఊపిరి అందకపోవడాన్నీ, పనిచేస్తే అలసిపోవడాన్నీ రెంటినీ ఆయాసమే అంటారు. "పడుకుంటే ఎక్కువవుతుందా, లేచి కూర్చుంటే తగ్గుతుందా? దిండ్లు ఎన్ని పెట్టుకుంటారు?" అని విడదీయాలి. "గుండెల్లో మంట" అంటే చాలాసార్లు పుల్లతేన్పుల మంటే. అలా అనుకుని ఈసీజీ మానేస్తే మాత్రం ప్రమాదం. షుగరున్న మనిషి, ఆడమనిషి ఆ మాట అంటే ముందు ఈసీజీ తీయండి. "నరాల బలహీనత" అని మగవాళ్ళు గొంతు తగ్గించి చెబితే తలుపు వేసి, తోడొచ్చిన వాళ్ళని బయటికి పంపి అడగండి.

ఇంకో మాట. ఇస్త్రీ చొక్కాకి "మీరు", గోచీకి "నువ్వు" అనే అలవాటు మన ఆసుపత్రుల్లో గట్టిగా పాతుకుపోయింది. ఇది సహించరానిది. మీరు, అమ్మా, పెద్దాయనా, బాబూ, ఇవి చాలు అందరికీ. మాల వేసుకున్నవాళ్ళని "స్వామీ" అనండి. పేరు పెట్టి పిలిస్తే నొచ్చుకుంటారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి వస్తే ఓపీ చీటీ మీద ఏ పేరున్నా సరే, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగి అదే పేరుతో వరసలో పిలవండి.

సందేహం_ఉంది | సోమవారం, మధ్యాహ్నం 1:20

జాబితాలంటే నాకు భయం. "కోదు అంటే ఇలా, జైను అంటే అలా" అని రాసిచ్చామంటే కుర్రాళ్ళు మనిషిని చూడ్డం మానేసి చీటీ చూస్తారు. ఇంటిపేరు చూసి శాకాహారం రాసేస్తారు. ముస్లిం అనగానే రోజా పాఠం చెబుతారు, ఆ మనిషి అసలు ఉపవాసం ఉండకపోవచ్చు. పాడేరు పిల్ల బీటెక్ చదివి ఉండొచ్చు. అడగడం నేర్పండి, ఊహించడం కాదు.

ఘాట్‌రోడ్డు | సోమవారం, మధ్యాహ్నం 2:45

సందేహం గారి మాటకి నా ఓటు. జాబితా ఏం అడగాలో గుర్తుచెయ్యడానికే, జవాబు రాసుకోవడానికి కాదు. ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా మానసిక వైద్యుడు ఎనిమిది ప్రశ్నలు పెట్టాడు. ఈ జబ్బుని మీరేమంటారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, దేనికి భయపడుతున్నారు, ఈ వరసలో సాగుతాయి. వాటిని ఉన్నవున్నట్టు తెలుగులోకి దింపితే పనిచెయ్యవు. "ఇది ఎందుకొచ్చిందని మీరనుకుంటున్నారు?" అంటే "నాకేం తెలుసు బాబూ, నువ్వే చెప్పాలి" అంటారు. తనని పరీక్షిస్తున్నారనో, డాక్టరుకే తెలీదనో అనుకుంటారు. ప్రశ్నని పక్కకి తిప్పండి: "ఇంట్లో పెద్దలు ఏమంటున్నారు? మీ ఊళ్ళో ఇలాంటిదాన్ని ఏమంటారు?" అప్పుడు గాలి సోకిందనీ, దిష్టి అనీ, చేతబడి అనీ బయటికొస్తుంది. అది విని నవ్వడం, కసరడం చేస్తే ఇక ఆ మనిషి నోరు విప్పడు.

తర్వాత అడగాల్సింది: "ఇక్కడికి రాకముందు ఎవరికి చూపించారు? ఏం ఇచ్చారు?" దిశారి (గిరిజన ఊళ్ళో పూజలు, నాటువైద్యం చేసే మనిషి) దగ్గరికి వెళ్ళారా, పసరు తాగారా, కంట్లో పోశారా, పిల్లాడి పొట్ట మీద వాతలు పెట్టారా? పసరు తాగిన కామెర్ల రోగికి కాలేయం, కిడ్నీ పరీక్షల ఫలితాలు చదివేటప్పుడు ఆ సంగతి కావాలి. వాతలు పుండు పడ్డాయేమో చూడాలి. తల్లిని తిడితే వచ్చేసారి వాత కనపడకుండా దాచి తెస్తుంది, లేదా తీసుకురాదు. తాయెత్తు, నల్లతాడు ఉంటే ఉండనివ్వండి. సెలైన్ సూదికి అడ్డమైతే "దీన్ని ఇంకో చేతికి కట్టుకుందామా?" అనండి.

మళ్ళీ రమ్మనే తేదీ గురించి. "పదిహేను రోజుల తర్వాత రండి" అంటే కొండ మీద దానికి అర్థం లేదు. జీపులు దిగేది సంత రోజునే. "మీ సంత ఏ వారం? రెండో సంతకి రాగలరా?" అని అడిగి రాయండి. చైత్రంలో ఇటుకల పండగ రోజుల్లో ఊరు వదిలి రావడం కష్టం. ఆ వారంలో కుట్లు విప్పే తేదీ పడకుండా చూసుకోండి. కొత్తలు, అంటే కొత్త పంటని మొదటిసారి తినే ముందు చేసే పండగలు, కూడా తెలుసుకోవాలి. మామిడి కొత్త చెయ్యకుండా మామిడి ముట్టరు, కొర్ర కొత్త కాకుండా కొర్ర తినరు. ఆహార పట్టికలో రాసినా తినలేదంటే మొండితనం కాదది.

పూటమాత్ర | సోమవారం, సాయంత్రం 5:05

మందుల షాపు వైపు నుంచి. "మూడు పూటలా తిన్నాక ఒకటి" అని రాస్తాం. రోజుకి రెండుసార్లు తినే ఇంట్లో ఆ మందు రెండుసార్లే పడుతుంది. ముందు "రోజుకి ఎన్నిసార్లు తింటారు, ఎప్పుడెప్పుడు?" అని అడగండి. తర్వాత వాళ్ళ పనులకి ముడిపెట్టి చెప్పండి: అంబలి తాగినప్పుడు, పొలం నుంచి వచ్చాక, దీపం పెట్టాక. చదువు రానివాళ్ళకి కవరు మీద సూర్యుడు పొడుస్తున్న బొమ్మ, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు గీసి, కింద ఎన్ని మాత్రలైతే అన్ని చుక్కలు పెట్టండి. 1-0-1 (ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాస్తే కొందరు నూటొకటి అని చదువుతారు.

"అర్థమైందా?" అని ఎప్పుడూ అడగొద్దు. మనవాళ్ళు తలూపుతారు. ఆ ఊపుకి "వింటున్నాను" అనే అర్థం, "తెలిసింది" అని కాదు. "ఇంటికెళ్ళాక మీ కోడలికి ఈ మందు ఎలా చెబుతారో నాకు ఓసారి చెప్పండి" అనండి. తప్పు చెబితే "నేనే సరిగా చెప్పలేదు" అని మళ్ళీ చెప్పండి. తప్పు రోగి మీదకి నెట్టకండి.

జైనుల విషయం. కొందరు సూర్యాస్తమయం తర్వాత నీళ్ళు కూడా ముట్టరు. రాత్రి పది గంటల మాత్ర రాస్తే అది పడదు. సాయంత్రానికి గానీ ఉదయానికి గానీ మార్చే వీలుందా అని డాక్టరుని అడగాలి. చాలా గుళికల పెంకు జెలటిన్, అంటే జంతువు నుంచి వచ్చింది. శాకాహారులకి, హలాల్ పాటించేవాళ్ళకి ముందే చెప్పి, అదే మందు మాత్రగానో సిరప్‌గానో దొరుకుతుందేమో చూడండి. సిరప్ అయితే ఆల్కహాల్ ఉందేమో సీసా మీద చదవండి. గుళిక విప్పి పొడి మింగమని మాత్రం సొంతంగా సలహా ఇవ్వకండి. నెమ్మదిగా కరిగేలా చేసిన మందులు అలా పాడైపోతాయి.

ఉపవాసం_షుగరు | సోమవారం, రాత్రి 8:30

రంజాన్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే షుగరు రోగితో మాట్లాడాలి. "రోజా ఉంటారా?" అని అడగండి, "ఉండొద్దు" అని మొదలుపెట్టొద్దు. అలా మొదలుపెడితే చెప్పకుండా ఉంటారు, మందులు సొంతంగా మానేస్తారు. టైప్ 1 వాళ్ళకి, గర్భిణులకి, ఈమధ్య షుగరు బాగా పడిపోయినవాళ్ళకి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువని స్పష్టంగా చెప్పండి. జబ్బుమనిషికి మినహాయింపు వాళ్ళ మతంలోనే ఉంది, ఆ మాట మసీదు ఇమామ్ నోట వస్తే బాగా వింటారు.

మెట్‌ఫార్మిన్ రెండు పూటలైతే ఇఫ్తార్‌కి (సాయంత్రం రోజా విరమించే భోజనం) ఒకటి, సహరీకి (తెల్లవారకముందు భోజనం) ఒకటి. గ్లిమెపిరైడ్ రోజుకి ఒకటే అయితే ఇఫ్తార్‌కి మార్చాలి. రెండుసార్లయితే సహరీ మోతాదు తగ్గించాలి. గ్లైబెన్‌క్లమైడ్ వాడుతుంటే ముందే వేరే మందుకి మారడం మేలు. ఇన్సులిన్ మోతాదు డాక్టరే మార్చాలి. వేలికి సూది గుచ్చి షుగరు చూసుకుంటే రోజా చెడదని మతపెద్దలు చాలామంది చెబుతారు, ఈ మాట తెలియక పరీక్ష మానేసేవాళ్ళు ఎక్కువ. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజు రోజా విరమించాలి. చీటీ మీద ఈ రెండు అంకెలు పెద్దగా రాసివ్వండి.

ఏకాదశి, కార్తీక సోమవారాలు, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం, వీటికీ ఇదే ఆలోచన. తిండి తగ్గిన పూట షుగరు దించే మాత్ర అలాగే వేస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. దీక్షలో ఇంకో సంగతి పాదాలు. 41 రోజులు చెప్పుల్లేకుండా నడుస్తారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ అయితే 32 కిలోమీటర్లు. ముందుగా 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (పాదానికి తాకించి చూసే సన్నని నైలాన్ పోగు) పాదానికి స్పర్శ తెలుస్తుందో లేదో చూడండి. తెలియకపోతే ఉత్తకాళ్ళతో నడవొద్దని చెప్పండి. తోలు లేని కాన్వాస్ బూట్లకి, మందపాటి నూలు మేజోళ్ళకి గురుస్వామి ఒప్పుకుంటారేమో అడిగి రమ్మనండి. చాలామంది ఒప్పుకుంటారు. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి.

తిండి పట్టిక గురించి ఒక్క మాట. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ రాయడం ఆపండి. చోడి (రాగి) అంబలి ఎన్ని గ్లాసులు, గంటి (సజ్జ) అన్నం ఎంత, వరి అన్నం ఎన్ని గరిటెలు, ఇలా రాయండి.

చేపలరేవు | మంగళవారం, ఉదయం 6:15

మత్స్యకారులకి ఎండు చేప మానమంటే జరిగే పని కాదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఎంత తగ్గించాలో చెప్పండి. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచా. ఎండు చేప వండే రోజు కూరలో ఉప్పు అసలు వెయ్యొద్దు, చేపని వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు రెండుసార్లు పారబొయ్యాలి. ఉప్పు కొంతే పోతుంది, మొత్తం పోదు, అదీ చెప్పాలి. వేటకి వెళ్తే పది, పదిహేను రోజులు సముద్రం మీదే ఉండే బోట్లుంటాయి. నెల మందులు ఇచ్చేటప్పుడు వేటకి తీసుకెళ్ళే వాటా విడిగా, నీళ్ళు చొరని డబ్బాలో కట్టివ్వండి. తొందర లేని ఆపరేషన్లు, హెర్నియా, కంటి పొర లాంటివి, వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య పెడితే వాళ్ళకి కూలి పోదు. ఆ 61 రోజుల్లో ఇంట్లో డబ్బు తక్కువ కాబట్టి దారి ఖర్చు, మందుల ఖర్చు ముందే మాట్లాడాలి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకానికి ఆసుపత్రిలో సాయపడే ఆరోగ్యమిత్ర దగ్గరికి మొదటి రోజే పంపండి.

థియేటర్_రెండు | మంగళవారం, ఉదయం 10:40

ఆపరేషన్ ముందు పుస్తెలు తియ్యమంటే చాలామంది ఆడవాళ్ళు ఏడుస్తారు, అత్తగారు ఒప్పుకోరు. "రూల్" అంటే గొడవే. ఎందుకో చెప్పండి: కరెంటుతో కోసే పరికరం వాడతాం, లోహం దగ్గర ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది. ఎమ్మారైకి అయితే లోహం అసలు కుదరదు. తర్వాత దారి చూపండి. పసుపు కొమ్ము కట్టిన నూలు దారం ముందే సిద్ధం చేసుకుని, ఇంట్లో పెద్దావిడతోనే మెళ్ళో కట్టించి, ఆ తర్వాత గొలుసు తీయించండి. మెడ దగ్గర ఆపరేషనైతే ఆ దారం చేతికి కట్టొచ్చు. తీసిన వస్తువులు ఇద్దరి ఎదుట లెక్కపెట్టి, రాసి, సంతకంతో ఇంటివాళ్ళకి ఇవ్వాలి. ఊడిరాని మెట్టెలకి టేపు చుట్టి సరిపెట్టకండి, కాలకుండా టేపు ఆపదు. సబ్బు, దారం చుట్టే పద్ధతి ప్రయత్నించి, కాకపోతే అడిగి కత్తిరించండి.

గోరింటాకు పెట్టుకున్న వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి అంకె తప్పుగా వస్తోందనిపిస్తే, ముఖ్యంగా నల్ల మెహందీ అయితే, చెవి తమ్మెకి మార్చండి. ఒంటి రంగు బాగా నలుపైతే క్లిప్పు అసలు కంటే ఎక్కువ చూపే అవకాశం ఉంది. 94 వచ్చినా మనిషి ఎగబోస్తుంటే అంకెని నమ్మొద్దు. రక్తహీనత, ఆక్సిజన్ తగ్గిన నీలిరంగు చర్మం మీద కాకుండా కనురెప్ప లోపల, నాలుక మీద, అరచేతిలో చూడాలి.

ఈసీజీకి ఆడమనిషి ఉండాలి, తెర ఉండాలి. చున్నీ పైన కప్పి కిందనుంచి తీగలు పెట్టొచ్చు. రొమ్ము పైకెత్తాల్సి వస్తే ఆమెనే ఎత్తమనండి.

సంతకాల గురించి: భర్త, మామ సంతకం పెడితే సరిపోయిందనుకునే జబ్బు ఇంకా వదల్లేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మత్తులో ఉన్న వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదు, పరీక్షకి ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు. 18 నిండిన స్త్రీకి గర్భస్రావానికి ఆమె ఒప్పుకోలు ఒక్కటే చాలు. కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడండి, అది మన పద్ధతి, మంచిదే. మాట మాత్రం ఆమెది.

పురిటి_గది | మంగళవారం, మధ్యాహ్నం 12:15

బాలింత పత్యం గురించి ఎవరూ రాయలేదు. పత్యం అంతా చెడ్డదని కొట్టెయ్యకండి. వెల్లుల్లి, నెయ్యి, కాయం, వేడన్నం, విశ్రాంతి, వీటితో గొడవేమీ లేదు. గొడవ మూడు చోట్ల: నీళ్ళు తగ్గించడం, ముర్రుపాలు పిండి పారబొయ్యడం, బిడ్డ నాలుకకి తేనె పుయ్యడం. ఏడాది లోపు బిడ్డకి తేనె వల్ల బొటులిజం (కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు) రావచ్చు. నాలుకకి ఏదో ఒకటి పుయ్యాలనే ముచ్చట తాతమ్మకి ఉంటే, ఆమె చేతులు కడిగించి ముర్రుపాల చుక్కే ఆమె వేలితో పెట్టించండి. బాలింతకి చల్లనీళ్ళు వద్దంటే కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళు, వాము నీళ్ళు ఇవ్వండి. ఈ మాటలు బాలింతకి చెప్పి లాభం లేదు, పక్కన కూర్చున్న అత్తకీ తల్లికీ చెప్పాలి. వంటిల్లు వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఐరన్ మాత్రలు ఎందుకు మానేస్తారో ముందే చెప్పండి. విరేచనం నల్లగా వస్తుంది, కడుపులో తిప్పుతుంది, బిడ్డ నల్లగా పుడతాడనే భయం. నల్లదనం విరేచనానిదే, బిడ్డది కాదని మీరే ముందు అనాలి. టీ, పాలు, కాల్షియం మాత్ర దీనితో కలవకూడదు. అందుకే కాల్షియం ఉదయం, ఐరన్ రాత్రి తిన్న కాసేపటికి.

వార్డు_పాఠం | మంగళవారం, మధ్యాహ్నం 3:00

చాలా పనికొచ్చింది. ఒక్కటి మిగిలింది. "రోగికి క్యాన్సరని చెప్పకండి" అని కొడుకులు గుమ్మంలో ఆపినప్పుడు, "కొస ప్రాణం ఇంటికి చేరాలి" అన్నప్పుడు?

చివరి_గది | మంగళవారం, సాయంత్రం 4:25

గుమ్మంలో కొడుకుతో వాదించొద్దు. "మీ భయం ఏంటి? చెబితే ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడగండి. "నేనుగా చెప్పను. కానీ ఆయన అడిగితే అబద్ధం చెప్పను" అని అప్పుడే అనెయ్యండి. తర్వాత రోగిని ఒంటరిగా అడగండి: "పెద్దాయనా, పరీక్షల సంగతి మీకు చెప్పమంటారా, అబ్బాయితో మాట్లాడమంటారా?" ఏ జవాబైనా ఆయన మాటల్లోనే కేస్ షీట్లో రాయండి.

ఇంటికి తీసుకెళ్తామంటే "డాక్టరు మాట వినకుండా వెళ్ళారు" అని రాసి చేతులు దులుపుకోవద్దు. నొప్పి మందు, రొప్పు వస్తే ఏం చెయ్యాలో చీటీ, ఫోన్ నంబరు, కాథెటర్ (మూత్రం గొట్టం) ఉంచాలా తియ్యాలా, ఇవన్నీ చూసి పంపండి. తులసి తీర్థం మింగలేని మనిషికి పెదవులు తడిపితే చాలని చెప్పండి. ముస్లిం ఇంట్లో మనిషిని కిబ్లా (మక్కా దిశ) వైపు తిప్పాలని అడిగితే, మన ఊరి నుంచి అది పడమర, కాస్త ఉత్తరానికి వాలి. మంచం తిప్పడానికి నిమిషం పట్టదు. వాళ్ళకి ఖననం త్వరగా జరగాలి. మరణ ధృవీకరణ కాగితాల్లో ఆలస్యం చెయ్యొద్దు. పోస్టుమార్టం తప్పని కేసైతే ఎందుకో, ఎంతసేపో మొదటి గంటలోనే చెప్పండి.

పాడేరు దాకా ఆక్సిజన్ మీద పంపాలంటే లెక్క చెయ్యండి. బి టైపు సిలిండర్‌లో నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లయితే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. 10 లీటర్లయితే రెండున్నర గంటలే. ఘాట్ రోడ్డు మీదుగా పాడేరు చేరడానికి మూడు గంటలు దాటుతుంది.

పూటమాత్ర | మంగళవారం, సాయంత్రం 5:10

చివరి_గది గారి లెక్కకి చిన్న చేర్పు. అది నిండు సిలిండర్ లెక్క. గేజ్ ముల్లు సగంలో ఉంటే గంటలూ సగమే. బయల్దేరే ముందు ముల్లు ఎక్కడుందో, ఎన్ని గంటలు వస్తుందో కాగితం మీద రాసి డ్రైవరుకీ, పక్కన కూర్చునే ఇంటిమనిషికీ చెరొకటి ఇవ్వండి. వాల్వు తిప్పే తాళం కూడా సిలిండర్‌కే కట్టి పంపండి.